తెల్ల చుక్క

ఆ పిల్ల తెచ్చిన ఫైలు నిండా కళ్ళే. పెన్సిల్‌తో గీసిన కళ్ళు, రంగులు వేసిన కళ్ళు, నవ్వే కళ్ళు, ఏడుపు ఆపుకుంటున్న కళ్ళు. ఒక్క బొమ్మకీ ముక్కు లేదు, నోరు లేదు.

"మిగతా మొహమంతా ఎక్కడ దాచావమ్మా?" అని అడిగాను.

"అవి నాకు సరిగ్గా రావు మేడమ్," అంది తడుముకోకుండా. "కళ్ళు మాత్రం వస్తాయి. అందుకే మీ దగ్గరికొచ్చాను."

నాకు నవ్వూ చిరాకూ ఒకేసారి వచ్చాయి. నాకు ఆ రెండూ ఎప్పుడూ చెయ్యీ చెయ్యీ పట్టుకునే వస్తాయి. అందుకే ఇంతవరకు నా దగ్గర సహాయకులెవరూ నిలవలేదు.

నేను కృత్రిమ కళ్ళు చేస్తాను. ప్రమాదంలోనో జబ్బు వల్లనో ఒక కన్ను తీసేయాల్సి వచ్చినవాళ్ళని, గాయం మానాక ఆసుపత్రివాళ్ళు నా దగ్గరికి పంపుతారు. వీధిలో అందరూ నన్ను కళ్ళ డాక్టరమ్మ అంటారు. కాదు మొర్రో అన్నా వినరు. డాక్టరు బాగుచేసిన కన్ను చూస్తుంది, నేను చేసిన కన్ను చూడదు. పక్కనున్న సొంత కంటితో కలిసిపోయి, ఎదుటివాళ్ళ చూపు తనమీద ఆగకుండా చేసుకోవడమే దాని పని.

ఆ పిల్ల ఆర్ట్ కాలేజీలో డిజైన్ చదువుతోంది. సెలవుల్లో ఎక్కడైనా చేరి చేతిపని అనుభవం సంపాదించి రావాలని వాళ్ళ కాలేజీ రూలు. తోటి పిల్లలు కొందరు ప్రకటనల కంపెనీల్లో, కొందరు సినిమా సెట్ల దగ్గర చేరారట. వాళ్ళు చల్లటి గదుల్లో కంప్యూటర్ల ముందు కూర్చుంటే ఈవిడగారు ఏరికోరి నా రెండు గదుల వర్క్‌షాపుకి, పాలిష్ యంత్రం రొదలోకి వచ్చిపడింది. జుట్టు ముడిలో ఎప్పుడూ ఒక పెన్సిల్ గుచ్చుకుని తిరిగేది. మనుషుల పేర్లు నాకు నోటికి రావు కాబట్టి పెన్సిల్ అనే పిలిచేదాన్ని. మొదట్లో మూతి ముడిచింది, తర్వాత పలకడం మొదలుపెట్టింది.

చేరగానే రంగులు ముట్టుకోనిస్తానని అనుకుంది పాపం. నేను దాని చేతికి ఎర్ర పట్టుదారం ఇచ్చాను. కంట్లో తెల్లగుడ్డు నిజానికి తెల్లగా ఉండదు, దాని మీద సన్నటి ఎర్ర నరాలుంటాయి. వాటికోసం దారాన్ని పోగులుగా చీల్చి, ఒక్కో పోగునీ పట్టకారుతో పట్టుకుని, తెల్లటి ప్లాస్టిక్ గుల్ల మీద అతికించాలి. నిద్ర చాలనివాళ్ళకి ఎక్కువ నరాలు, పసిపిల్లలకి ఉన్నాయా లేవా అన్నట్టు. పెన్సిల్ ఆ పోగులతో కుస్తీ పట్టేది. తుమ్మితే అన్నీ ఎగిరిపోయేవి. మళ్ళీ ఏరుకుంటూ, "దీనికేనా నేను డిజైన్ చదివింది?" అని గొణిగేది.

"గొణిగితే కూడా ఎగిరిపోతాయి. నోరు మూసుకుని అతికించు," అనేదాన్ని.

ఒకసారి ఎవరో పెద్దాయన కంటి రంగు చూడమంటే ఫోను తీసి ఫొటో తీయబోయింది. ఫోను లాక్కుని సొరుగులో పడేశాను. నా దగ్గర పద్ధతి ఒక్కటే. మోకాలికి మోకాలు తగిలేంత దగ్గరగా ఇద్దరూ కూర్చోవాలి. కబుర్లు చెప్పుకుంటూ ఆ కంట్లోకి చూస్తూ ఉండాలి. కన్ను తడుస్తుంది, అలుస్తుంది, సిగ్గుపడుతుంది, అబద్ధం చెప్పేటప్పుడు పక్కకి పోతుంది. ఫొటోలో అవేవీ ఉండవు. తెలియని మనిషి కంట్లోకి అంతసేపు చూడాలంటే పెన్సిల్‌కి మొదట్లో ప్రాణం మీదికొచ్చేది. చెవులు ఎర్రబడేవి. మెల్లగా అలవాటు పడింది.

అప్పుడే కండక్టరమ్మ వచ్చింది.

సిటీ బస్సులో కండక్టరు. పక్కనుంచి పోయే లారీ చక్రం కిందనుంచి ఎగిరిన రాయి కిటికీలోంచి వచ్చి ఎడమ కంటికి తగిలింది. నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, వెనకాల అత్తగారు చంకలో మనవరాలితో రాగా, గుమ్మంలో నిలబడి, "నమస్తే అక్కా, లోపల సీట్లున్నాయా, నిలబడే ప్రయాణమా?" అంది. ఆ గొంతుకి నా పాలిష్ యంత్రం చిన్నబోయింది.

కొలత తీసుకున్నంతసేపూ నవ్విస్తూనే ఉంది. టికెట్ తీసుకోకుండా నిద్ర నటించేవాళ్ళ గురించి, చిల్లర లేదని చెప్పి దిగేటప్పుడు జేబు గలగలలాడించేవాళ్ళ గురించి చెప్పింది. మాట మధ్యలో తలుపు అద్దంలోంచి బయటి గదిలోకి చూసింది. అక్కడ నాయనమ్మ ఒళ్ళో రెండేళ్ళ పిల్ల బిస్కెట్ నములుతోంది. కండక్టరమ్మ మాట ఆగిపోయింది.

"అది నా దగ్గరికి రావట్లేదక్కా," అంది.

ప్రమాదం జరిగాక ఆసుపత్రినుంచి కట్టుతో ఇంటికి వచ్చిన రోజున చిట్టెలుక (నాయనమ్మ దాన్ని అలాగే పిలిచేది) తల్లిని చూసి జడుసుకుంది. కట్టు విప్పాక ఇంకా జడుసుకుంది. నల్ల కళ్ళద్దాలు పెట్టుకుంటే ఎవరో కొత్త మనిషనుకుంది. అప్పటినుంచీ నాయనమ్మ పక్కలోనే పడుకుంటోంది. అన్నం పెట్టబోతే మొహం తిప్పేసుకుంటుంది. గొంతు విని పరుగెత్తుకొస్తుంది, మొహం చూసి ఆగిపోతుంది.

"అంతకుముందు పొద్దున్నే నా రెప్పలు వేలితో పైకెత్తి, 'లేమ్మా' అనేదక్కా. నాకు అలారం అక్కర్లేదు, అదే అలారం. మెలకువ వచ్చినా కావాలనే కళ్ళు మూసుకుని పడుకునేదాన్ని, అది వచ్చి లేపుతుందని." కుడి కంట్లోంచి నీళ్ళు కారుతుంటే తుడుచుకోలేదు. "నాకు అందం అక్కర్లేదు. బస్సులో ఎవరేమనుకున్నా టికెట్ కొట్టి చేతిలో పెడతాను. నా పిల్ల నా దగ్గరికి రావాలి. అంతే."

నేను ఎవరికీ మాట ఇవ్వను. ఆ రోజూ ఇవ్వలేదు. కానీ పెన్సిల్ అప్పటికే కళ్ళు తుడుచుకుంటూ తల ఊపేస్తోంది.

ఆ తర్వాత వాళ్ళు వచ్చినప్పుడల్లా చిట్టెలుక పెన్సిల్‌కి అతుక్కుపోయేది. పెన్సిల్ దానికి ఎలుకలు గీసిపెట్టేది. బస్సెక్కిన ఎలుక, గొడుగేసుకున్న ఎలుక, జలుబు చేసిన ఎలుక. పిల్ల దాని ఒళ్ళో కూర్చుని, ముడిలోంచి పెన్సిల్ లాగి, జుట్టంతా మీద పడితే పకపకా నవ్వేది. కండక్టరమ్మ తలుపు అద్దంలోంచి చూస్తూ, "ఏం మందు పెట్టావే నా పిల్లకి?" అని నవ్వేది. ఆ నవ్వు వినడం నాకు కష్టంగా ఉండేది.

నల్లగుడ్డు అని పేరేగాని అది నలుపు కాదు. కండక్టరమ్మది చిక్కటి గోధుమరంగు. నేను రంగులు కలుపుతుంటే పెన్సిల్ నా భుజం మీదుగా వంగి, "మేడమ్, కంటిపాప చుట్టూ తేనెరంగు అంచుంది. కింద వైపే ఉంది, పైన లేదు," అంది. చూశాను. ఉంది. నేను ఇంకా అక్కడిదాకా రాలేదు. కుంచె దాని చేతిలో పెట్టి లేచాను.

"నేనా?" అంది.

"కళ్ళొక్కటే వస్తాయన్నావుగా. రానీ చూద్దాం."

బొత్తామంత బిళ్ళ మీద వేయాలి ఆ రంగు. పెన్సిల్ కండక్టరమ్మ మోకాళ్ళకి మోకాళ్ళు ఆనించి కూర్చుని, ఒక్కో గీత వేస్తూ, ఒక్కోసారి ఊపిరి పీల్చుకోవడం మరిచిపోయినట్టు కనిపించేది. పూర్తయ్యాక బిళ్ళ మీద నీటిచుక్క వేసి చూశాను. పైన గాజులాంటి పొర పోస్తే రంగు ఎలా కనిపిస్తుందో నీటిచుక్క ముందే చెప్పేస్తుంది. బాగుంది. చాలా బాగుంది. "ఫరవాలేదు," అన్నాను. ఇంతలో ఆసుపత్రినుంచి ఫోనొస్తే బయటి గదిలోకి వెళ్ళాను. వచ్చేసరికి పెన్సిల్ పై పొర పోసేసింది. దాన్ని వేడి మీద గట్టిపరచి, అరగదీసి, పాలిష్ పెట్టాం.

కన్ను పెట్టే రోజున కండక్టరమ్మ కిటికీ పక్కన కుర్చీలో కూర్చుంది. రెప్ప ఎత్తి లోపలికి జార్చాను. రెండుసార్లు కళ్ళార్పింది. పెన్సిల్ గోళ్ళు కొరుక్కుంటోంది. నేను ఇటు నిలబడి చూశాను, అటు నిలబడి చూశాను. కిటికీ వెలుగులో రెండు కళ్ళూ తళతళలాడుతున్నాయి. ఏది మాదో, ఏది దేవుడిదో చెప్పడం కష్టం.

"భేష్," అన్నాను. ఆ మాట నా నోట అరుదు. పెన్సిల్ ఎగిరి గంతేసింది.

కండక్టరమ్మ అద్దం చూసుకుంది. లేచి, చీర సర్దుకుని, జుట్టు సర్దుకుని, తలుపు వైపు తిరిగింది. అత్తగారు పిల్లని ఎత్తుకుని గుమ్మంలోకి వచ్చింది. కండక్టరమ్మ చేతులు చాచింది. చిట్టెలుక అటు వంగబోయింది. ఆ మొహంలోకి చూసింది. కింది పెదవి వణికింది.

"బొమ్మ," అంది. నాయనమ్మ మెడలో మొహం దాచేసుకుంది. "అమ్మ కాదు. బొమ్మ."

కండక్టరమ్మ చాచిన చేతులు అలాగే కాసేపు ఉంచి, దించేసుకుంది. బల్ల మీద నల్ల కళ్ళద్దాలు తడుముకుని పెట్టుకోబోయింది.

"ఉండమ్మా, ఒక్కసారి ఇటు తిరుగు," అన్నాను. నా మనసు కీడు శంకించింది. కిటికీ వైపు తిప్పాను, బాగానే ఉంది. తలుపు వైపు, నీడలోకి తిప్పాను. కుడి కంట్లో మెరుపు ఆరిపోయింది. ఎడమ కంట్లో మాత్రం తెల్లగా, కదలకుండా, అక్కడే ఉంది.

"పెన్సిల్, చుక్క పెట్టావా?"

"పెట్టాను మేడమ్," అంది. మొహంలో నెత్తురు చుక్క లేదు. "మీరు ఫోనులో ఉన్నప్పుడు. చివర్లో తెల్ల చుక్క పెడితేనే కంటికి ప్రాణమొస్తుందని మాకు మొదటి సంవత్సరంలోనే నేర్పారు. నేను గీసిన ప్రతి కంటికీ పెట్టాను."

"కాగితం మెరవదు కాబట్టి అక్కడ మెరుపు నువ్వు పెట్టాలి! ఇది మొహంలో ఉండే కన్ను. తడిగా ఉంటుంది, వెలుగు దానంతటదే పడుతుంది, మనిషి తల తిప్పితే మెరుపూ తిరుగుతుంది. నువ్వు దానికి మేకు కొట్టి కూర్చోబెట్టావు! ఇంత చిన్న సంగతి తట్టకపోతే ఎందుకొచ్చావు ఇక్కడికి? పో, పోయి కాగితాల మీదే గీసుకో!"

నాకు కోపం వస్తే ముందూ వెనకా ఉండదు. కిటికీ దగ్గర నిలబడి భేష్ అన్నది నేనేనన్న సంగతి ఆ క్షణాన గుర్తుకొచ్చింది గాని, గుర్తు రానట్టే అరిచాను. పెన్సిల్ గోడకి ఆనుకుని వెక్కివెక్కి ఏడుస్తోంది. లోపల ఇది ఏడుస్తుంటే బయట చిట్టెలుక ఏడుపు లంకించుకుంది.

"ఆపండక్కా," అంది కండక్టరమ్మ. ఆ గొంతుకి ముగ్గురమూ ఆగాం. "నా మొదటి డ్యూటీ రోజున బస్సు ఇటు పోతుంటే అందరికీ అటు పోయే టికెట్లు కొట్టి ఇచ్చాను. చెకింగ్ వాళ్ళొచ్చి చూసి తల పట్టుకున్నారు. తిట్టారు, కానీ దింపెయ్యలేదు. ఈ కన్ను మళ్ళీ చేద్దాం. ఈ అమ్మాయే చెయ్యాలి. నా కంట్లోకి అంతసేపు చూసిన మనిషి ఇంకొకరు లేరు, నా మొగుడితో సహా."

ఏడుస్తున్న పెన్సిల్‌కి నవ్వు తన్నుకొచ్చింది. ముక్కు ఎగబీల్చింది. వాళ్ళు వెళ్ళిపోయాక ఇద్దరమూ బల్లలు తుడిచాం. తుడిచిన బల్లనే మళ్ళీ తుడుస్తూ, "నేనూ చూశానుగా. నాకూ కనబడలేదు," అన్నాను. క్షమాపణ చెప్పడం నాకు అంతవరకే వచ్చు. పెన్సిల్ టీ పెట్టి తెచ్చింది. చక్కెర వేయడం మరిచిపోయింది, నేను తాగేశాను.

రెండోసారి కూర్చున్నప్పుడు పెన్సిల్ కుర్చీలు రెండూ జరిపింది. కండక్టరమ్మని కిటికీ వైపు కాకుండా తలుపు అద్దం వైపు తిప్పి కూర్చోబెట్టింది.

"ఎందుకలా?" అన్నాను.

"ఒక్కసారి నా చోట కూర్చుని చూడండి మేడమ్. ఆవిడ పాపని చూసినప్పుడు కంటిపాప పెద్దదవుతోంది."

కూర్చుని చూశాను. బయటి గదిలో చిట్టెలుక నాయనమ్మ చెప్పులు వేసుకుని నడవడానికి తంటాలు పడుతోంది. తల్లి కంట్లో నల్లటి ఆ గుండ్రం మెల్లగా విచ్చుకుంది. పిల్ల తలుపు పక్కకి వెళ్ళి కనబడకుండా పోగానే మళ్ళీ ముడుచుకుంది.

నా పద్ధతిలో కంటిపాప ఎప్పుడూ మధ్యస్థంగానే వేస్తాను. ఎండలోకి వెళితే సొంత కంటిది చిన్నదవుతుంది, చీకట్లో పెద్దదవుతుంది, మనం వేసింది మారదు. అందుకే మధ్యరకం. అదే చెప్పాను. "పెద్దది వేస్తే పిల్ల ఎదురుగా లేనప్పుడు తేడా తెలుస్తుంది."

"పిల్ల ఎదురుగా లేనప్పుడు ఎవరికి తెలిస్తే ఏంటి మేడమ్?"

కండక్టరమ్మ నా మొహంలోకి, దాని మొహంలోకి మార్చి మార్చి చూస్తోంది. నేను పని నేర్చుకున్ననాటినుంచీ తప్పని పద్ధతి అది. కాదనడానికి నోరు తెరిచాను. కానీ ఆ కన్ను ఎవరికోసమో మొదటిరోజే చెప్పింది కదా ఆ తల్లి.

"వెంట్రుకవాసి," అన్నాను. "అంతకుమించి పెంచావో, ఊరుకోను."

పెన్సిల్ లోపల ఉంటే పిల్లని ఆడించేవాళ్ళు కావాలి. నాయనమ్మకి మోకాళ్ళ నొప్పులు. ఇక చేసేదేముంది, నేనే బయటి గదిలో నేలమీద చతికిలబడి, ఎలుకని గీశాను. చిట్టెలుక దాన్ని తలకిందులుగా తిప్పి చూసి, "కుక్క," అంది. ఇన్ని కళ్ళు చేసిన నాకు ఒక ఎలుక రాలేదు. లోపల పెన్సిల్ వంగి రంగు వేస్తోంది. అద్దంలోంచి దాని వీపు మాత్రమే కనిపిస్తోంది. లేచి వెళ్ళి చూడాలని ఎన్నిసార్లు అనిపించిందో. వెళ్ళలేదు.

ఈసారి కన్ను పెట్టాక నేను తొందరపడి భేష్ అనలేదు. కిటికీ దగ్గర చూశాను, తలుపు దగ్గర చూశాను, గది మూల నీడలో చూశాను. వెలుగు వచ్చిన చోట మెరిసింది, లేని చోట ఆరింది. పెన్సిల్ నా మొహం చూడటానికి భయపడి, బయటికి వెళ్ళి పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఎలుక గీయడం మొదలుపెట్టింది.

"పిలవమ్మా," అన్నాను కండక్టరమ్మతో.

"పిలవను అక్కా. మళ్ళీ అలా అంటే తట్టుకోలేను." కుర్చీలో వెనక్కి వాలింది. "కాసేపు ఇలా ఉండనివ్వండి." రెండు కళ్ళూ మూసుకుంది.

తలుపు తెరిచే ఉంది. నేను గుమ్మం పక్కన నిలబడ్డాను. పెన్సిల్ ఒళ్ళోంచి చిట్టెలుక ఇటు చూసింది. కట్టు లేదు, నల్ల కళ్ళద్దాలు లేవు. కళ్ళు మూసుకుని వాలిన అమ్మ. పిల్ల ఎలుక బొమ్మని చూసింది, మళ్ళీ అమ్మని చూసింది. ఒళ్ళోంచి జారింది. పెన్సిల్ దాన్ని పట్టుకోలేదు, ఎలుకకి తోక గీయడం ఆపేసింది.

చిట్టెలుక గడప దాటి, కుర్చీ దాకా వెళ్ళి, తల్లి మోకాళ్ళు పట్టుకుని ఎగబాకింది. కండక్టరమ్మ ఊపిరి ఆగింది. కళ్ళు మాత్రం తెరవలేదు. బిస్కెట్ పొడి అంటిన చూపుడువేలు మొహం మీదికి వెళ్ళింది. వెళ్ళింది ఎడమ కంటి మీదికి.

కొత్తగా పెట్టిన కన్ను. రెప్పని కాస్త గట్టిగా లాగితే జారి ఆ పిల్ల చేతిలోనే పడుతుంది. అదే జరిగితే ఈ జన్మలో మళ్ళీ తల్లి దగ్గరికి రాదు. ఒక అడుగు ముందుకు వేశాను. పెన్సిల్ ఎప్పుడొచ్చిందో, వెనకనుంచి నా మణికట్టు గట్టిగా పట్టుకుంది.

పిల్ల రెప్ప పైకెత్తింది. మా కంట్లోకి చూసింది. తల ఇటు వాల్చి చూసింది, అటు వాల్చి చూసింది. దాని నీడ కంటి మీద పడి పక్కకి జరిగింది.

"లేమ్మా," అంది.

కండక్టరమ్మ రెండో కన్ను తెరిచింది. కిటికీ వెలుగు రెండింటిలోనూ పడింది. తర్వాత పిల్లని గుండెకేసి హత్తుకుని, "లేచానే, లేచాను తల్లీ," అని ఎంత గట్టిగా అందంటే, బయట కునుకు తీస్తున్న అత్తగారు ఉలిక్కిపడి, "స్టాపు వచ్చిందా?" అంది.

పెన్సిల్ ఇంకా నా మణికట్టు వదల్లేదు. వదలమని నేనూ అనలేదు.